పాత రేసు కారును బాగుచేసి మళ్ళీ ట్రాక్ ఎక్కించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

1960ల నుంచి 1980ల దాకా ఫ్యాక్టరీ జట్లు, వృత్తి డ్రైవర్లు సర్క్యూట్ల మీద పోటీకి దింపిన కార్లను కొని, బాగుచేసి, మళ్ళీ పరుగెత్తించాలనుకునేవారికి ఈ సమాధానాలు. కారును ప్రదర్శనలో నిలబెట్టి మెరిపించడమే మీ ఉద్దేశమైతే ఇందులో సగం మీకు అక్కరలేదు. గంటకు 250 కిలోమీటర్ల వేగంతో మలుపులోకి దిగే కారు విషయంలో మాత్రం అందం చివరి అంశం.

ఏ కార్లు ఈ కోవలోకి వస్తాయి?

జీతం తీసుకున్న డ్రైవరు, లెక్కలు రాసుకున్న జట్టు ఉన్న సిరీస్‌లో నిజంగా పరుగెత్తిన కార్లు. అమెరికాలో 1966లో మొదలైన ట్రాన్స్-యామ్ సిరీస్ సెడాన్లు, అదే ఏడాది మొదలై 1974 దాకా సాగిన క్యాన్-యామ్ సిరీస్ కార్లు, లె మాన్స్ (ఫ్రాన్స్‌లోని 24 గంటల పోటీ) కోసం ప్రత్యేకంగా కట్టిన ప్రోటోటైపులు, ఫార్ములా వన్ కార్లు ఇందులోకి వస్తాయి. అంతర్జాతీయ పోటీలకు ప్రపంచ మోటారు క్రీడల పాలక సంస్థ ఎఫ్‌ఐఏ తన ‘అపెండిక్స్ కె’ నిబంధనల్లో కార్లను కాలాలుగా విడదీసింది. ఉదాహరణకు జి కాలమంటే 1966–71, హెచ్ కాలమంటే 1972–76. మీ కారు ఏ కాలపు రూపంలో ఉందో అదే కాలపు కార్లతో పోటీ పడుతుంది.

కొనేముందు మొదట ఏమి చూడాలి?

ఇంజిన్ కాదు, కాగితాలు. ఇంజిన్ ఎంత పాడైనా డబ్బుతో బాగుపడుతుంది. చరిత్రలోని ఖాళీని ఏ మెకానిక్కూ పూడ్చలేడు.

ఛాసిస్ నంబరు, కారు చేతులు మారిన క్రమం, ఆనాటి రేసు ఫలితాలు, ఫొటోలు ఒకదానికొకటి సరిపోవాలి. అమెరికాలో ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) పోటీల్లో పాల్గొన్న కార్లకు లాగ్‌బుక్కులుండేవి. ప్రతి రేసు ముందూ జరిగిన సాంకేతిక తనిఖీ వాటిలో నమోదయ్యేది. అలాంటి పుస్తకం దొరికితే సగం పని అయినట్టే. ఫొటోలను పోల్చేటప్పుడు రంగును నమ్మకండి. రివెట్ల వరుస, వెల్డింగ్ గీతల తీరు, ఎక్కడో చేత్తో కోసిన రంధ్రం, వంకరగా అతికిన బ్రాకెట్టు చూడండి. నకలు చేసేవాడు నంబరు ప్లేటును కొట్టగలడు కానీ, ఆనాటి మెకానిక్కు తొందరలో చేసిన వంకర పనిని ఉన్నదున్నట్టు మళ్ళీ చేయడం చాలా కష్టం.

ఒకే ఛాసిస్ నంబరుతో రెండు కార్లుండటం ఈ లోకంలో కొత్త కాదు. ప్రమాదం తర్వాత పారేసిన ఛాసిస్‌ను ఒకరు తీసుకుంటారు, మిగిలిన భాగాలతో ఇంకొకరు కారు కడతారు, నలభై ఏళ్ల తర్వాత ఇద్దరూ అదే పేరు చెప్పుకుంటారు. అలాంటి వివాదం ఉందని తెలిస్తే, అది తేలేదాకా బయానా కూడా ఇవ్వకండి.

భాగాలన్నీ మారిపోయిన కారు అసలుదే అవుతుందా?

దీనిపై కోర్టు తీర్పే ఉంది. 1929, 1930 లె మాన్స్ పోటీలు రెండింటినీ గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్, ‘ఓల్డ్ నంబర్ వన్’, ఆ తర్వాత పదేపదే మార్పులకు లోనైంది. ఇంజిన్ మారింది, బాడీ మారింది, లె మాన్స్ గెలిచినప్పటి భాగాలు చాలా కొద్దిగా మిగిలాయి. అమ్మకం ఒప్పందం కుదిరాక, ఇది ఆ కారు కాదంటూ కొనుగోలుదారు వెనక్కి తగ్గడంతో వ్యవహారం ఇంగ్లండ్ హైకోర్టుకెక్కింది. కారు ఒక్కసారిగా మాయమై మళ్ళీ పుట్టలేదని, అంచెలంచెలుగా మారుతూ ఒకే కారుగా కొనసాగిందని 1990లో న్యాయమూర్తి తేల్చారు. అంటే అది ఓల్డ్ నంబర్ వన్నే.

రేసు కారు విషయంలో ఇది న్యాయమైన కొలత అని నా అభిప్రాయం. సీజన్ మధ్యలోనే ముక్కు, రెక్కలు, ఇంజిన్ మారిపోయే యంత్రానికి పుట్టినప్పటి బోల్టులే ఉండాలనడం అర్థం లేని పట్టుదల. తెగిపోకుండా కొనసాగిన చరిత్ర ముఖ్యం.

ఎఫ్‌ఐఏ హిస్టారిక్ పాస్‌పోర్టు ఉంటే అది అసలు కారేనని రుజువా?

కాదు. ఈ పొరపాటు చాలామందికి ఖరీదుగా పడింది. హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్టు చెప్పేది ఒక్కటే: ఈ కారు సాంకేతికంగా ఆ కాలపు రూపానికి సరిపోతుంది. నిన్న మొన్న కట్టిన నకలు కారు కూడా ఆ రూపానికి సరిగ్గా ఉంటే దాన్ని పొందవచ్చు. పోటీకి అర్హత వేరు, పుట్టుక వేరు.

విడదీయడం ఎక్కడ మొదలుపెట్టాలి?

కెమెరాతో. స్పానర్ పట్టకముందు కారును అన్ని కోణాల్లో ఫొటోలు తీయండి. తర్వాత ప్రతి పైపు మలుపు, ప్రతి వైరు దారి, వాషర్లు పేర్చిన వరుస కూడా తీయండి. ఒక్కో జాయింటు నట్లు, బోల్టులు ఒక్కో సంచిలో వేసి చీటీ కట్టండి. సస్పెన్షన్ షిమ్ముల (సర్దుబాటుకు పెట్టే పలుచని బిళ్లల) మందం కొలిచి రాసుకోండి. ఆ లెక్క ఆనాటి జట్టు ఎంతో శ్రమపడి కనుక్కున్నది కావచ్చు.

రంగును ఒక్కసారిగా గీకేయకండి. ఎవరికీ కనబడని చోట చిన్న చదరంలో పొర పొరగా రుద్దితే పాత రంగులు చెట్టు వలయాల్లా వరుసగా బయటపడతాయి. ఏ సీజన్‌లో ఏ జట్టు రంగు వేసిందో అక్కడే తెలుస్తుంది. ఆ చదరాన్ని అలాగే వదిలేస్తే రేపు అనుమానించేవారికి సాక్ష్యం కూడా అవుతుంది.

పాత బ్రేకు ప్యాడ్లు, క్లచ్ పలకలు, గాస్కెట్లు, వేడిని ఆపే పలకల్లో ఆస్బెస్టాస్ ఉంటుందనే అనుకుని పని చేయండి. ఆ దుమ్మును గాలి గొట్టంతో ఊదకండి. తడిపి తుడవండి, తగిన మాస్కు పెట్టుకోండి.

ఏది మార్చాలి, ఏది ఉంచాలి?

నేను పాటించే సూత్రం: భారం మోసే భాగం నమ్మదగినదై ఉండాలి, చరిత్ర మోసే భాగం పాతదిగానే ఉండాలి. స్టీరింగ్ ఆర్మ్, హబ్, స్టబ్ యాక్సిల్, రాడ్ ఎండ్, చక్రం, డ్రైవ్ షాఫ్ట్, బ్రేకు పెడల్ భారం మోసేవి. వీటిలో ఏది విరిగినా కారు మీ మాట వినదు. డాష్‌బోర్డు, మీటర్లు, సీటు చట్రం, బాడీ పలకలు, స్టిక్కర్ల ఆనవాళ్లు చరిత్రను మోసేవి. వాటిని ఎంత తక్కువ ముట్టుకుంటే అంత మంచిది.

తేలని భాగాలూ ఉంటాయి. అసలు మెగ్నీషియం అప్‌రైట్ (చక్రపు హబ్బును సస్పెన్షన్‌కు కలిపే భాగం) పరీక్షలో నెగ్గినా, రేసులకు అదే నమూనాలో కొత్తగా పోతపోసిన దాన్ని బిగించి, అసలుదాన్ని చీటీ కట్టి దాచడం మేలు. కారు అమ్మే రోజున ఆ పెట్టె కూడా కారుతో పాటే వెళ్లాలి. తీసేసిన పాత భాగాన్ని తుక్కులో పారేయడమంటే చరిత్రను కాటాకు వేసి అమ్మడమే.

ఛాసిస్‌లో ఎక్కడెక్కడ సమస్యలుంటాయి?

అది ఎలాంటి ఛాసిస్ అన్నదాన్ని బట్టి.

గొట్టాల చట్రమైతే తుప్పు లోపలి నుంచి తింటుంది, బయటి నుంచి తట్టి చూస్తే తెలియదు. కొన్ని గొట్టాల్లో ఆనాడు నూనె, నీళ్లు కూడా ప్రవహించేవి. గోడ మందాన్ని అల్ట్రాసోనిక్ పరికరంతో కొలిపించండి. ఇంకో సంగతి: ఆ కాలపు బ్రిటిష్ చట్రాలు చాలావరకు కంచు బ్రేజింగ్‌తో, అంటే ఉక్కును కాక కంచును కరిగించి, అతికినవి. ఆ అతుకు మీద నేరుగా ఆర్క్ వెల్డింగ్ (టిగ్ కూడా అదే కోవ) చేస్తే రాగి ఉక్కు రేణువుల మధ్యకు చొరబడి పగుళ్లు తెస్తుంది. అతికిన పద్ధతిలోనే తిరిగి అతకాలి. ‘టిగ్ వెల్డింగ్ ఇంకా బలమండీ’ అనే వెల్డరుకు నమస్కారం పెట్టి బయటికి వచ్చేయండి.

పోర్షా 917 రేసు కారు కట్టినవాళ్లు ఈ పగుళ్ల బెడదకు ముచ్చటైన ఉపాయం కనిపెట్టారు. చట్రం గొట్టాల్లో గ్యాస్ నింపి మీటరు పెట్టేవారు. ఒత్తిడి పడిపోయిందంటే ఎక్కడో పగులు వచ్చిందన్న మాట.

అల్యూమినియం మోనోకాక్ (పలకలను రివెట్లతో కలిపి తొట్టెలా చేసిన ఛాసిస్) అయితే రివెట్ల చుట్టూ చూడండి. రంధ్రాలు సాగిపోయి రివెట్లు వదులైతే తొట్టె మెలి తిరుగుతుంది, సస్పెన్షన్ ఎంత సరిచేసినా కారు దారికి రాదు. ఉక్కు అడ్డపలకలు అల్యూమినియానికి ఆనుకున్న చోట రెండు లోహాల రసాయన చర్యతో తెల్లటి పొడి కనిపిస్తుంది. పలకలు మార్చాల్సి వస్తే తొట్టెను జిగ్‌లో (ఆకారం కదలకుండా పట్టి ఉంచే చట్రంలో) బిగించకుండా ఒక్క రివెట్టు కూడా తీయకండి.

ట్రాన్స్-యామ్ సెడాన్ల కథే వేరు. వాటిలో కొన్ని బాడీలను బరువు తగ్గించడానికి ఆమ్లంలో ముంచి రేకును పలుచన చేశారు. పెన్‌స్కే జట్టు షెవర్లే కమారో కార్లు దీనికి పేరుపొందాయి. వాటి పైకప్పుకు అంటించిన వినైల్ తొడుగు ఆమ్లం తిన్న రేకు ముడతలను దాచడానికేనని చెబుతారు. అలాంటి కారుకు మందపాటి కొత్త రేకు వేసి నున్నగా చేస్తే అది బలపడుతుంది కానీ, ఆ కారు ప్రత్యేకతే పోతుంది. రోల్ కేజ్‌తో బలం ఇచ్చి రేకును అలాగే ఉంచడం నాకు సరైన పద్ధతిగా కనిపిస్తుంది.

మెగ్నీషియం భాగాలంటే ఎందుకంత భయం?

తేలిక కనుక ఆనాటి రేసు ఇంజినీర్లకు అది ప్రాణం. 1971 లె మాన్స్ గెలిచిన పోర్షా 917కు చట్రమే మెగ్నీషియంతో చేశారు. కానీ తేమ తగిలితే ఈ లోహం గుల్లబారుతుంది. రక్షణ పూత లేకుండా గ్యారేజీ మూలన ఏళ్ల తరబడి పడి ఉన్న చక్రం బయటికి బాగానే కనిపించి, మలుపులో ముక్కలు కావచ్చు.

రంగును రసాయనంతో తీసి, పగుళ్ల పరీక్ష చేయించి, లోహం గుల్లబారకుండా క్రోమేట్ శుద్ధి చేయించి, పలుచని రంగు వేయండి. మందపాటి పౌడర్ కోటింగ్ వద్దు, అది రేపటి పగులును కూడా కప్పేస్తుంది. మెగ్నీషియం పొట్టుకు నిప్పంటుకుంటే నీళ్లు పోయకండి, మంట ఇంకా చెలరేగుతుంది. లోహపు మంటలకు పనికొచ్చే డి తరగతి పొడి దగ్గర పెట్టుకున్నాకే అరగదీయడం మొదలుపెట్టండి.

పగుళ్ల పరీక్ష ఎలా చేస్తారు?

ఉక్కు భాగాలకు అయస్కాంత కణాల పద్ధతి, అల్యూమినియం, మెగ్నీషియం భాగాలకు రంగు ద్రవం పగుళ్లలోకి ఇంకే పద్ధతి. పోతపోసిన భాగాల లోపలి బుడగలకు ఎక్స్‌రే. కారు కట్టేటప్పుడు ఒకసారి, ప్రతి సీజన్ చివర ఒకసారి, గోడకో మరో కారుకో తగిలిన ప్రతిసారీ చేయించాలి. ప్రతి భాగానికి నంబరు చెక్కి, ఎన్ని గంటలు నడిచిందో పుస్తకంలో రాయండి. విమానాల్లో చేసేది ఇదే, ఇక్కడా అంతకంటే తక్కువ సరిపోదు.

సస్పెన్షన్ ఆర్మ్‌లకు మళ్ళీ మెరుగు పూత వేయించవచ్చా?

వేయించవచ్చు, కానీ జాగ్రత్త. ఆమ్లపు తొట్టెలో, పూత తొట్టెలో ఉక్కు హైడ్రోజన్‌ను పీల్చుకుని పెళుసుబారుతుంది. గట్టి ఉక్కు బోల్టులకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పూత అయిన కొద్ది గంటల్లోనే సుమారు 190 డిగ్రీల వద్ద చాలా గంటలు కాల్చితే ఆ హైడ్రోజన్ బయటికి పోతుంది. పూత వేసేవారు ఈ పని చేస్తారో లేదో ముందే అడగండి. తడబడితే మరొకరి దగ్గరికి వెళ్లండి.

ఇంజిన్‌ను ఆనాటి శక్తి వచ్చేదాకా తిప్పవచ్చా?

తిప్పవచ్చు. దాని ఆయుష్షును మీరే తగ్గిస్తున్నారని తెలిసి తిప్పండి. 1967 డచ్ గ్రాండ్ ప్రీలో జిమ్ క్లార్క్ లోటస్ 49తో తొలి పోటీలోనే గెలిపించిన కాస్‌వర్త్ డీఎఫ్‌వీ 3 లీటర్ల ఇంజిన్, నిమిషానికి 9,000 చుట్ల దగ్గర 400 హార్స్‌పవర్ ఇచ్చేది. ఆ ఇంజిన్ వంశం 155 గ్రాండ్ ప్రీలు గెలిచింది. కానీ అది ఒక్క రేసు దూరం బతికితే చాలన్న లెక్కతో నడిచేది. మీకు అది కొన్ని సీజన్లు బతకాలి.

పిస్టన్, కనెక్టింగ్ రాడ్ మీద పడే జడత్వ బలం చుట్ల వేగం వర్గంతో పెరుగుతుంది. 9,000 నుంచి 8,000కు దిగితే వేగం తొమ్మిదో వంతే తగ్గినా, ఆ బలం దాదాపు 21 శాతం తగ్గుతుంది. నేరుగా సాగే దారిలో కొద్ది క్షణాలు పోతే పోనివ్వండి, రాడ్డు బ్లాకును చీల్చుకుని బయటికి రాకుండా ఉంటుంది.

చల్లటి ఇంజిన్‌ను నేరుగా స్టార్ట్ చేయకండి. ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెజర్ మీటరు ముల్లు లేచేదాకా తిప్పి, నూనెను వెచ్చబెట్టి, అప్పుడు స్టార్ట్ చేయండి. ఫ్లాట్ ట్యాపెట్ కామ్‌షాఫ్ట్ (చదునైన ట్యాపెట్ మీద నేరుగా రాసుకుంటూ తిరిగేది) ఉన్న ఇంజిన్లకు జింక్, ఫాస్ఫరస్ సమ్మేళనం ఎక్కువగా ఉన్న నూనె కావాలి. నేటి మామూలు కార్ల నూనెల్లో అది తగ్గించేశారు.

పాత ఇంధన ట్యాంకు బాగానే కనిపిస్తోంది, వాడవచ్చా?

వద్దు. ఇందులో బేరాల్లేవు. లోపలి రబ్బరు సంచి వయసుతో పగులుతుంది. అందులోని స్పాంజి పొడిగా రాలి ఫిల్టర్లను, ఇంజెక్షన్ యూనిట్‌ను మూసేస్తుంది. ఎఫ్‌ఐఏ ప్రమాణాల సంచులకు ఐదేళ్ల గడువుంటుంది, తయారీదారు పరీక్షించి ఒప్పుకుంటే మరో రెండేళ్లు పొడిగిస్తారు. పెట్రోలులో ఇథనాల్ ఉంటే పాత రబ్బరు పైపులు మెత్తబడి పగులుతాయి కనుక వాటిని కూడా మార్చండి.

కొత్త టైర్లు వేస్తే ఇంకా వేగంగా పోదా?

పోతుంది. అదే ఇబ్బంది. ఆ కాలపు హబ్బులు, చక్రాలు, పికప్ పాయింట్లు (సస్పెన్షన్ ఛాసిస్‌కు కలిసే చోట్లు) ఆనాటి టైర్ల పట్టుకు సరిపడా తయారయ్యాయి. పట్టు పెరిగితే మలుపులో బలం పెరుగుతుంది, ఆ బలం చివరికి పాత లోహం మీదే పడుతుంది. అందుకే చాలా పోటీల్లో డన్‌లప్, ఏవన్, గుడ్‌ఇయర్, హూసియర్ వంటి సంస్థలు పాత నమూనాలో చేసే టైర్లనే అనుమతిస్తారు.

ఆ పాత నమూనా క్రాస్‌ప్లై టైరు (లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటేది) నడకే వేరు. అది కాస్త పక్కకు జారుతూ పట్టిస్తుంది, పట్టు వదిలేముందు చెప్పి మరీ వదులుతుంది. నేటి రేడియల్‌కు పెట్టినంత నెగెటివ్ క్యాంబర్ (చక్రం పైభాగాన్ని లోపలికి వంచడం) దీనికి పెడితే లోపలి అంచు మీదే నడిచి పాడవుతుంది. కొత్తవారు ఈ జారుడుకు భయపడి స్టీరింగ్‌తో పోట్లాడతారు, ఒకటి రెండు సెషన్లలో అలవాటవుతుంది. నా మటుకు ఈ కార్ల ఆనందంలో సగం అక్కడే ఉంది.

బ్రేకుల సంగతి?

సిలిండర్లు, సీళ్లు, పైపులు అన్నీ కొత్తవి. బ్రేకు ద్రవంగా సిలికాన్ రకం డాట్ 5 వద్దు, పెడల్ మెత్తబడుతుంది. మంచి రేసింగ్ డాట్ 4 పోసి తరచూ మార్చండి, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

భద్రతా పరికరాలు పెడితే కారు అసలు రూపం చెడదా?

చెడుతుంది. చెడనివ్వండి. బోల్టులతో బిగించే రోల్ బార్ పెట్టి, అసలు ఛాసిస్‌ను కోయకుండా కావలసినప్పుడు తీసేలా చూసుకోవచ్చు. నేటి నిబంధనలకు తగిన హెల్మెట్, మంటకు తట్టుకునే దుస్తులు, మంటలార్పే యంత్రం, గడువు దాటని బెల్టులు తప్పనిసరి. బెల్టు ఎప్పుడూ వాడకపోయినా లేబుల్ మీది తేదీ దాటితే తనిఖీలో కారును తిప్పి పంపుతారు. కారులో మంటలార్పే పాత హేలాన్ వాయువు సిలిండర్ ఉంటే దాన్ని కొత్త పద్ధతి పరికరంతో మార్చండి. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం కింద అభివృద్ధి చెందిన దేశాల్లో హేలాన్ తయారీ 1994 మొదటికల్లా ఆగిపోయింది.

రాబర్ట్ హబ్బర్డ్, జిమ్ డౌనింగ్ 1980ల్లో రూపొందించిన హాన్స్ మెడ పరికరం (ఢీకొన్నప్పుడు తల ముందుకు ఊగకుండా హెల్మెట్‌ను పట్టి ఉంచేది) ఈ కార్లకు మరీ అవసరం. పాత ఛాసిస్ నేటి కారులా నలిగి దెబ్బను మింగదు, నేరుగా డ్రైవరుకు అందిస్తుంది.

ఖర్చు ఎంతవుతుంది?

మీరు వేసుకున్న అంచనా కంటే ఎక్కువ. కారు ధర ఒక లెక్క, దాన్ని నడిపే లెక్క వేరు. టైర్లు, ఇంజిన్ రీబిల్డ్, గేర్‌బాక్స్ డాగ్ రింగులు (గేర్లను పట్టించే పళ్ల వలయాలు), గడువు తీరే భద్రతా పరికరాలు, రవాణా ఏటా వచ్చే ఖర్చులు. ఒక సీజన్ నడిపే డబ్బు పక్కన పెట్టుకోలేనివారు ఆ కారు కొనకపోవడమే మంచిది. నడిపే స్తోమత లేక గ్యారేజీలో మూలుగుతున్న గొప్ప కార్లు చాలానే ఉన్నాయి.

తక్కువలో మొదలుపెట్టాలంటే ఫార్ములా ఫోర్డ్ చూడండి. 1967లో బ్రాండ్స్ హ్యాచ్‌లో మొదలైన ఈ తరగతిలో మామూలు ఫోర్డ్ ఇంజిన్, రెక్కలు లేని సన్నటి కారు, విడిభాగాలకు కొదవ లేదు. వృత్తి జట్ల కారు కాదు కానీ, వృత్తి డ్రైవర్లలో ఎందరో అక్కడే తయారయ్యారు. మీరూ అక్కడ నేర్చుకుని పెద్ద కారు ఎక్కండి.

ఎక్కడ పోటీ పడవచ్చు?

కాలిఫోర్నియాలోని లగూనా సెకాలో 1974లో మొదలైన మాంటెరే పాత కార్ల పోటీలు, 1997లో మొదలైన మొనాకో హిస్టారిక్ గ్రాండ్ ప్రీ, ఇంగ్లండ్‌లో 1998 నుంచి సాగుతున్న గుడ్‌వుడ్ రివైవల్, 2002లో మొదలైన లె మాన్స్ క్లాసిక్ బాగా పేరున్నవి. గుడ్‌వుడ్‌కు ఆహ్వానం ఉండాలి. అక్కడికి 1966 దాకా వచ్చిన కార్ల రకాలనే రానిస్తారు, ఎందుకంటే ఆ సర్క్యూట్‌లో అప్పటి రేసులు ఆ ఏడాదే ఆగిపోయాయి. మొదట చిన్న క్లబ్బు పోటీలకు వెళ్లండి. నిర్వాహకులు కారును మాత్రమే కాదు, డ్రైవరు ప్రవర్తనను కూడా గమనించి పిలుస్తారు.

ఇది నిజమైన పోటీయేనా?

వేగం నిజమైనదే, కప్పు కోసం కొట్లాట మాత్రం ఉండదు. కారుకు కారు తగలకూడదన్నది మొదటి నియమం. అమెరికాలోని చాలా వింటేజ్ క్లబ్బులు ‘13/13’ పేరుతో ఒక నియమం పాటిస్తాయి. ప్రమాదానికి కారకుడని తేలిన డ్రైవరుకు 13 నెలల లెక్కన పరిశీలన, బహిష్కరణ శిక్షలుంటాయి. పక్కన పోతున్న కారు ప్రపంచంలో మిగిలిన ఆఖరిది కావచ్చు, దాని యజమానికి డెబ్బై ఏళ్లుండవచ్చు. అనుమానం వస్తే చోటివ్వండి. ‘అడ్డుకోవడం కూడా రేసింగే’ అని వాదించేవారు నేటి కార్ల సిరీస్‌లకు వెళ్లడం అందరికీ క్షేమం.

కారు సిద్ధమయ్యాక నేరుగా రేసుకు తీసుకుపోవచ్చా?

వద్దు. ముందు ఒక పరీక్ష రోజు తీసుకోండి. రెండు నెమ్మది ల్యాపులు వేసి లోపలికి రండి, బాడీ పలకలు విప్పి కారుతున్న చోట్లు, రాపిడి గుర్తులు, వదులైన నట్లు చూడండి. ప్రతి నట్టు మీద రంగు గీత పెట్టి ఉంచితే కదిలింది కంటికే తెలుస్తుంది. మళ్ళీ ఐదు ల్యాపులు, మళ్ళీ తనిఖీ. బ్రేకు ప్యాడ్లను పద్ధతిగా వేడిచేసి కుదరనివ్వండి. ఆ రోజు ల్యాపు సమయం ఎవరైనా కొలుస్తుంటే స్టాప్‌వాచ్ లాక్కోండి.

సీజన్ ముగిశాక కారును ఎలా ఉంచాలి?

వాడిన నూనెను వెంటనే తీసేయండి, అందులోని ఆమ్లాలు బేరింగులను తింటాయి. దాన్ని ప్రయోగశాలకు పంపితే ఏ బేరింగు అరుగుతోందో లోహపు రేణువులను బట్టి ముందే చెబుతారు. ట్యాంకు, ఇంజెక్షన్ పైపులు ఖాళీ చేయండి. ఇంజిన్ మెగ్నీషియం భాగాల్లో నీళ్లు నిలవనివ్వకండి. కారును స్టాండ్ల మీద నిలబెట్టి, టైర్ల మీది బరువు తీసేయండి. క్లచ్ అతుక్కుపోకుండా పెడల్‌ను కట్టె ముక్కతో నొక్కి ఉంచండి. తేమ లేని గదిలో పెట్టి, పగుళ్ల పరీక్షకు పంపాల్సిన భాగాలను ఆ వారమే విప్పేయండి. వసంతంలో పంపుదామనుకుంటే పరీక్షశాల ముందు అందరి భాగాలూ వరుసలో ఉంటాయి.